రాలేనని రాసింది ఎవరు

ఆదివారమైనా జ్ఞానేశ్వరికి సెలవు లేదు. పొద్దున్నే లేచి అన్నం వండి, టమాట తొక్కు నూరి, సద్ది కట్టుకుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫోన్‌ను కూతురి పక్కన పెట్టింది. శ్రీనిధి ఇంటర్ మొదటి సంవత్సరం. పాఠాలు, పరీక్షలు, జ్ఞానేశ్వరికి వచ్చే ఆఫీసు మెసేజ్‌లు అన్నీ ఆ ఫోన్‌లోనే.

"పరీక్ష మంచిగ రాయి నిధీ. అన్నం తిను, మర్చిపోకు."

"సరే అమ్మా," అంది శ్రీనిధి తల ఎత్తకుండా.

సిద్దిపేటలోని ఇంటి నుంచి హుస్నాబాద్ దారిలో ముప్పావుగంట బస్సు ప్రయాణం చేస్తే ఆమె పనిచేసే గ్రంథాలయం వస్తుంది. పదిహేనేళ్లుగా జ్ఞానేశ్వరి అక్కడ పార్ట్ టైం లైబ్రేరియన్. రెండు గదులు, ఆరు బీరువాలు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. రెండేళ్ల కింద ఒక కంప్యూటర్ కూడా వచ్చింది. పుస్తకాల వివరాలు అందులో ఎక్కించడం ఎవరికీ రాక దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. అది రాకముందే, నాలుగేళ్ల కింద, ఆ పని నేర్చుకోవడానికి జ్ఞానేశ్వరి హైదరాబాద్‌లో అయిదు రోజుల ట్రైనింగుకు పోయింది. మూడో రోజున అత్త దుర్గవ్వ పోయిందని కబురొచ్చింది. చదువు సగంలోనే ఆగింది.

ఆ ఆదివారం ఆమె పేపర్లు సర్దుతుంటే పక్క మండలం లైబ్రేరియన్ ప్రసూన బ్యాగుతో సహా వచ్చింది.

"హైదరాబాద్ పోతున్న అక్కా. రేపటి నుంచే క్లాసులు. నువ్వు గూడ ఉంటే ఎంత మంచిగుండు! ఎందుకు రానన్నవ్?"

"ఏం క్లాసులు?"

"మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు. ముందుగాల నీ పేరే వచ్చిందట. ఇంట్ల ఇబ్బందులున్నయి, రాలేనని నువ్వు మెసేజ్ పెడితేనే నాకిచ్చిన్రు. రెండేండ్ల కింద గూడ గట్లనే పెట్టినవని జిల్లా ఆఫీసుల సార్ చెప్పిండు."

జ్ఞానేశ్వరి చేతిలోని పేపర్లు బల్ల మీద పెట్టేసింది. ఆ మెసేజ్ తాను పెట్టలేదని చెప్పాలనుకుంది. కానీ ఇంటి గుట్టు బయట పడేసినట్టవుతుందని ఊరుకుంది. "నువ్వు మంచిగ సదువుకో చెల్లే," అని బస్సు దాకా సాగనంపింది.

రోజూ సద్ది తిని సాయంత్రం దాకా అక్కడే ఉండే మనిషి, ఆ రోజు పదకొండింటికి తాళం వేసి ఇంటికి బస్సెక్కింది.

భర్త కృపాకర్ మోటార్ వైండింగ్ దుకాణం నుంచి అప్పుడే వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"ఎందుకు పెట్టినవ్ ఆ మెసేజ్?" గడప దాటుతూనే అడిగింది.

"ఏం మెసేజ్?"

"నేను రానని! ఒక్కసారి గాదు, రెండుసార్లు. నలభై అయిదు దాటితే ఆ కోర్సుకు తీసుకోరు. వచ్చే నెలకు నాకు దాటుతయ్. నీకు తెల్వదా?"

"నాకేం తెల్వది జ్ఞానేశ్వరీ, ఒట్టు."

"నన్ను ఆపాలని నీకు గాక ఎవరికుంటది? నేను ట్రైనింగుకు పోవుడు నీకు ఎప్పుడన్న నచ్చిందా? మీ అమ్మకు నచ్చిందా? ఆనాడు నేను బయల్దేరుతుంటే పోయి రమ్మని ఒక్క మాటనలే, మొకం తిప్పుకున్నది. ఇగ నువ్వు? దినాలనాడు అందరి ముందట ఏమన్నవ్? ఇంట్ల ఒక్క మనిషన్న ఉంటే మా అమ్మ బతికేదన్నవ్. నాలుగేండ్ల సంది ఆ మాట మింగుతనే ఉన్న."

కృపాకర్ తల దించుకున్నాడు. "ఆ మాట అన్న. తప్పే. కానీ నాకు ఫోన్ల తెలుగు టైపు కొట్టుడు గూడ రాదు."

ఇద్దరూ ఒక్కసారే లోపలి గది వైపు తిరిగారు. గుమ్మంలో శ్రీనిధి నిలబడి ఉంది.

"బాపు గాదమ్మా. నేనే పెట్టిన. పెట్టి, వాళ్ల మెసేజ్ గూడ డిలీట్ చేసిన."

జ్ఞానేశ్వరి చెయ్యి లేచింది. చెంప మీద పడ్డాక గానీ కొట్టానని తనకే తెలియలేదు. పిల్ల ఏడవలేదు.

"కొట్టు. నానమ్మను చంపింది గూడ నేనే."

"ఏం మాటలే అవి?" కృపాకర్ కంచం ముందు నుంచి లేచాడు.

"నువ్వొచ్చెటాలకు అప్పుడే పడ్డదని చెప్పిన గద బాపూ. అది అబద్ధం. నువ్వొచ్చింది పన్నెండింటికి. నానమ్మ బాత్రూంల పడ్డది పదిన్నరకే."

శ్రీనిధి గోడను చూస్తూ చెప్పింది. "ఆనాడు నాకు బడి లేదు. ఫోన్ చేస్తనన్న. వద్దన్నది. మీ అమ్మ సదువుకోను పోయింది బిడ్డా, చెప్తే అన్నీ ఇడిశిపెట్టి ఉరికొస్తది, మీ బాపుకు చెప్పినా ఆమెనే పిలుస్తడు, జరసేపైతే నేనే లేస్త అన్నది. గోడకు ఆనిచ్చి కూసోవెట్టిన. నీళ్లు తాపిన. నా చెయ్యి పట్టుకుని ముచ్చట్లు చెప్పింది. తర్వాత మాట ముద్దముద్దగ వచ్చింది. నిద్రొస్తున్నదేమో అనుకున్న. పండుకో నానమ్మా అన్న."

"దవాఖానల డాక్టరు, గంట ముందు తెస్తే బాగుండేదన్నడు. నువ్వేమో ఇంట్ల ఒక్క మనిషన్న ఉంటే అన్నవ్. నేనున్న గద బాపూ ఇంట్ల! అమ్మ మళ్ల పోతే మళ్ల ఏమన్న అయితదని భయమైంది. మళ్ల నేనే ఉంట గద. అందుకే పెట్టిన."

కృపాకర్ అక్కడే కూలబడ్డాడు. "ఆ మాట నిన్ను అనలే బిడ్డా," అన్నాడు.

ఎవరిని అన్నాడో చెప్పలేక భార్య వైపు చూసి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

జ్ఞానేశ్వరికి అత్త ముఖం కళ్ల ముందుకొచ్చింది. తన చదువు ఇష్టం లేదనుకున్న మనిషి, పక్షవాతంతో కాలూచెయ్యీ పడిపోతున్నా ఆ చదువు ఆగొద్దనే చూసింది. పన్నెండేళ్ల పిల్ల ఆ మాట విని, విన్నందుకు నాలుగేళ్లు ఒక్కతే కుమిలిపోయింది. అత్త ఎట్లా పోయిందని తాను చుట్టాలను అడిగింది, డాక్టర్‌ను అడిగింది. పక్కనున్న పిల్లను మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఆమె కూతురి పక్కన చేరి, తాను కొట్టిన చెంప మీద చెయ్యి వేసింది.

"నేను ఫోన్ చేస్తే నానమ్మ బతికేదా అమ్మా?"

బతికేది కాదు అని చెప్పాలని ఎంత అనిపించినా జ్ఞానేశ్వరి చెప్పలేకపోయింది.

"తెల్వది బిడ్డా. ఎవ్వరికీ తెల్వది. కానీ పెద్దోళ్లం చెయ్యాల్సిన పని నీ మీద పడ్డది. అది నీ తప్పు గాదు. అడగకపోవుడు నా తప్పు."

అప్పుడు ఏడ్చింది శ్రీనిధి. నాలుగేళ్లది ఒక్కసారే వచ్చినట్టు, ఊపిరి అందకుండా ఏడ్చింది. కృపాకర్ జరిగి వచ్చి ఇద్దరి మీదా చేతులు వేశాడు. "నన్ను మాఫ్ చెయ్యిన్రి," అన్నాడు. అతని చేతులను ఇద్దరూ తీసెయ్యలేదు. కంచంలో అన్నం చల్లారిపోయింది.

చాలాసేపటికి పిల్ల వెక్కిళ్లు తగ్గాయి.

"అమ్మా, ఈసారి మళ్ల పిలిస్తే పో. బాపు, నేను ఉంటం. నాకు భయం కాదు."

మళ్లీ పిలవరు. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అయినా కూతురు తన ముఖంలోకే చూస్తోంది.

"పోతా బిడ్డా," అంది జ్ఞానేశ్వరి.