లెక్కలోకి రాని నవ్వు

"ఈ కళ్ళజోడు వెనక్కి తీసుకోండి. రెండ్రోజులుగా దీనివల్ల నా ఉద్యోగం ఊడేలా ఉంది."

కౌంటర్ మీద పెట్టె టప్పుమని పెట్టిన శాల్తీని ఆమె తలెత్తి చూసింది. ఖాకీ చొక్కా, జేబులో స్క్రూడ్రైవర్, మోచేతుల దాకా గ్రీజు. నోట్‌బుక్‌లో మంచి ఊపు మీదున్న వాక్యం కాస్తా సగంలో ఆగిపోయింది. ఆమెకి ఒళ్ళు మండింది.

నోరు విప్పకుండా పెన్నుతో తన తల మీదున్న బోర్డు చూపించింది. 'అద్దం కోశాక వాపసు లేదు.' ఆమె నాన్న స్వయంగా పెయింటుతో రాసుకున్న బోర్డు అది.

"ఏంటి, చదవమంటారా? ఈ జోడుతోనా?" అన్నాడతను. "దీంట్లోంచి చూస్తే అది బోర్డో ఆరేసిన తువ్వాలో కూడా తెలీదు. నేను లిఫ్టు మెకానిక్కునండీ. నిన్న మూడో అంతస్తు వైరు తీసుకెళ్ళి ఐదో దానికి బిగించాను. మూడు నొక్కిన పెద్దాయన ఐదులో దిగి, ఎవరింట్లోనో కూర్చుని టీ కూడా తాగొచ్చాడు."

ఆమె జోడు వెలుతురులోకి ఎత్తి చూసింది. "ఇవి పెద్దవాళ్ళు చదవడానికి పెట్టుకునే అద్దాలు. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళున్నారా?"

"నాయనమ్మ ఉంది. ఆవిడా ఇక్కడే చేయించుకుంది."

"పెట్టెలు మారాయి. అంటే రెండ్రోజులుగా ఆవిడ మీవి పెట్టుకుంటున్నారన్నమాట. ఏమీ అనలేదా?"

"అంది. 'ఒరే, ఇన్నాళ్ళకి నువ్వు అందంగా కనపడుతున్నావురా' అంది."

"అంటే, సరిగ్గా కనపడటం లేదన్నమాట."

అంతే. అతను నవ్వాడు.

ఆ నవ్వు గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. ముందు పాత మోటారు అందుకున్నట్టు గుర్రుమంది, తర్వాత భుజాలు ఎగిరాయి, ఆ తర్వాత షాపులో అసలు విషయం తెలియని వాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు. ఫ్రేములు చూసుకుంటున్న పెద్దావిడ నవ్వింది. కోపంగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి నవ్వాడు. లోపల కళ్ళు పరీక్ష చేస్తున్న నాన్న మాత్రం, "ఏంటమ్మాయ్ ఆ గోల?" అని కసిరాడు. నాన్న నవ్వగా చూసినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఆమె గబగబా నోట్‌బుక్‌లో ఒక గీత గీసింది.

"నా మీద కంప్లైంట్ రాస్తున్నారా?" అన్నాడతను కంగారుగా.

"కాదు. నవ్వు లెక్క రాసుకుంటున్నాను."

సంగతేంటంటే, ఆమెకి కామెడీ పిచ్చి. ఎదురు బిల్డింగ్ ఐదో అంతస్తులో చిన్న హాలుంది. నలభై ఏళ్ళు స్టేజీ మీద జనాన్ని నవ్వించి రిటైరైన మాస్టారు అక్కడ ఆదివారాలు క్లాసు చెప్తాడు. జోకు ఎలా రాయాలో, ఎక్కడ కొయ్యాలో, మైకు ముందు చేతులు ఏం చేసుకోవాలో నేర్పిస్తాడు. బుధవారం సాయంత్రాలు జనం ముందు ప్రాక్టీసు. రెండు నెలల్లో సెలక్షన్. హాలు ఓనరమ్మ అందరినీ విని ఒక్కరికి ప్రతి శనివారం ఏడు నిమిషాలు ఇస్తుంది.

నాన్న ఒకే మాట చెప్పాడు. "అది వస్తే నీ ఇష్టం. రాకపోతే ఆ పుస్తకం మూసేసి, పక్క ఊళ్ళో పెట్టే రెండో షాపు చూసుకోవాలి."

"సరే" అంది ఆమె. ఆరు నూరైనా తెచ్చుకుని తీరాలనుకుంది.

వారం తిరగకుండా లిఫ్టు మెకానిక్ మళ్ళీ వచ్చాడు, స్క్రూ వదులైందని. మూడ్రోజులకి మళ్ళీ, స్క్రూ బిగుతైందని.

"స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని స్క్రూ తిప్పమని అడగడానికి సిగ్గులేదండీ మీకు?" అంది ఆమె.

"ఇది పెద్ద స్క్రూలది" అని నీళ్ళు నమిలాడు.

"సరే, వచ్చారు కాబట్టి కూర్చోండి. పరీక్ష." నాన్న అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, అదా?' అని అడుగుతాడు చూడండి, ఆమె జోకుల్ని కూడా అలాగే పరీక్ష చేసేది. "మొదటిది. కొత్త ఫ్రేము పెట్టుకుని అందరూ అద్దంలో చూసుకుంటారు. అందులో పవర్ ఉండదు కాబట్టి వాళ్ళకి ఏమీ కనపడదు, అయినా బాగున్నాను అనుకుంటారు, అది నాకు చాలా విచిత్రంగా అనిపిస్తుంది. రెండోది. కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటారు. అందులో పవర్ ఉండదు. వాళ్ళకి ఏమీ కనపడదు. 'బాగున్నాను, ప్యాక్ చెయ్యండి' అంటారు. ఇది బాగుందా, అదా?"

రెండోది పూర్తయ్యేలోపే మోటారు అందుకుంది. షాపు మొత్తం నవ్వింది. ఇంకో గీత.

ఎదురు బిల్డింగ్ లిఫ్టు కూడా అతని చేతికిందదే. అది వారానికి రెండుసార్లు పాడవుతుంది, మూడోసారి అతనే పాడుచేస్తాడేమోనని వాచ్‌మన్‌కి అనుమానం. బుధవారం వచ్చిందంటే చాలు, పనిముట్ల సంచీతో హాల్లో వెనక వరసలో కూర్చునేవాడు. ఆమె మైకు పట్టుకోగానే అతను నవ్వేవాడు, అతని వెనకాలే జనం నవ్వేవాళ్ళు. నోట్‌బుక్‌లో గీతలు పదకొండయ్యాయి. తర్వాత పద్నాలుగు. ఐదో వారానికి పద్దెనిమిది.

ఆ రాత్రుళ్ళు ఆమెకి పడుకున్నా నవ్వులే వినపడేవి. ముఖ్యంగా ఒక నవ్వు. అది ఎవరిదో ఆమెకి తెలుసు, తెలుసని ఒప్పుకోవడమే ఇంకా మిగిలింది.

ఆరో వారం మాస్టారు ఆమెని కూర్చోబెట్టి బుధవారం ప్రాక్టీసు రికార్డింగ్ పెట్టాడు. "కళ్ళు మూసుకుని విను."

విన్నది. పద్దెనిమిది నవ్వులు. బ్రహ్మాండంగా ఉన్నాయి.

"ఈసారి జోకు వినకు. నవ్వు ఎక్కడ మొదలవుతోందో విను."

ఆమె మళ్ళీ విన్నది. మొహంలో రంగు మారింది. ప్రతిసారీ ముందు గుర్రుమంటున్నది అతనే. కొన్నిచోట్ల ఆమె అసలు మాట అననే లేదు, అతను నవ్వేశాడు. జనం అతన్ని చూసి నవ్వారు.

"తీసెయ్ ఆ గీతల్ని. ఎన్ని మిగుల్తాయి?"

ఆమె లెక్కపెట్టింది. "నాలుగు."

"ఏమమ్మా, సెలక్షన్‌కి నిన్ను పంపాలా, అతన్ని పంపాలా?"

ఆమె విసురుగా మెట్లు దిగింది. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తీసి అందులో తల దూర్చి ఉన్నాడతను.

"బయటికి రండి. మాట్లాడాలి."

తల బయటికొచ్చింది. చెంపకి గ్రీజు. ఆమె మొహం చూసి స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"నేను చెప్పకముందే ఎందుకు నవ్వుతున్నారు?"

అతను చెవి గోక్కున్నాడు. "మీరు అసలు మాట అనే ముందు మీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది చూశాక నాకు ఆగదండీ."

ఆమెకి ఒక్క క్షణం అడగాల్సింది మర్చిపోయినట్టయింది. మళ్ళీ పట్టుకుంది. "అయితే అది జోకుకి నవ్వా? నాకు నవ్వా?"

"నాకు తేడా తెలీదండీ."

"నాకు తెలియాలి. నాకు నిజంగా నవ్వించడం వచ్చో రాదో తెలియాలి. మీరుండగా అది తెలీదు. సెలక్షన్ అయ్యేదాకా హాలుకి రాకండి. షాపుకి కూడా."

"ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను. మీరు దాటకముందే తగలేస్తున్నారే!" నవ్వుతూ అనబోయాడు గానీ నవ్వు రాలేదు. కింద పెట్టిన స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, "మాటిస్తున్నాను. రాను" అన్నాడు.

ఏడుపొచ్చింది ఆమెకి. అయినా "థాంక్స్" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. అంత పట్టుదల మనిషికి పనికొస్తుందా అంటే, ఏమో మరి, ఆ రోజు మాత్రం ఆమెకి అన్నం సయించలేదు.

ఆ బుధవారం ఏడు నిమిషాల్లో మూడు గీతలు. అందులో ఒకటి మైకు కింద పడినందుకు.

"ఇంక లాభం లేదు మాస్టారూ."

"ఎందుకు లేదు? నీ జోకులు బాగానే ఉన్నాయి. నువ్వే ఆగడం లేదు" అన్నాడు మాస్టారు. "జోకుకీ నవ్వుకీ మధ్య ఒక నిశ్శబ్దం ఉంటుంది. జనానికి అర్థం కావడానికి ఆ మాత్రం టైము కావాలి. నీకు అందులో నిలబడటం చేతకాదు. చేతకాదంటే నీ తప్పు కాదులే, ఇన్నాళ్ళూ అతను నిన్ను నిలబడనివ్వలేదు. ఇప్పుడు నవ్వు రాలేదని భయపడి ఇంకో ముక్క కలుపుతున్నావు. ఆ ముక్కే జోకుని చంపేస్తోంది. చెప్పు, నోరు మూసుకో, మనసులో మూడు లెక్కపెట్టు. చచ్చినా కదలకు."

మూడు లెక్కపెట్టడం అంటే ఎంతసేపు? చెప్పుకోవడానికి చిటికెలో పని. జనం ముందు నిలబడితే తెలుస్తుంది.

ఆమె పట్టిన పట్టు విడవలేదు. షాపుకొచ్చిన ప్రతివాడి మీదా ప్రయోగించింది. జోకు చెప్పి, ఒకటి, రెండు, మూడు అని వాళ్ళ కళ్ళలోకి చూస్తూ నిలబడేది. ఇద్దరు భయపడి వెళ్ళిపోయారు. మూడోవాడు నవ్వాడు. ఉన్న పద్దెనిమిది జోకుల్లో ఆరు కొట్టేసింది, మిగిలినవాటి తోకలు కోసేసింది, కొత్తవి కొన్ని రాసింది. తర్వాతి బుధవారం ఏడు గీతలు. ఆ తర్వాత పదకొండు. అన్నీ సొంతవి.

కానీ షాపు తలుపు చప్పుడైతే చాలు, తల దానంతటదే లేచేది. స్క్రూ బిగుతైందని వచ్చే పిచ్చివాడు మాత్రం రాలేదు. జోకు బాగా పేలిన రోజునే అతను ఎక్కువ గుర్తొచ్చేవాడు. అతను కావాలి. నవ్వడానికి కాదు, ఊరికే కావాలి. ఆ సంగతి ఆమెకి ఆదివారం పొద్దున సెలక్షన్‌కి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఖాయంగా తెలిసిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి హాలు నిండింది. రెండో వరసలో నాన్న. చేతులు కట్టుకుని, దృష్టి పరీక్ష బోర్డులో చివరి వరస చదువుతున్నట్టు స్టేజీ వంక చూస్తున్నాడు. వెనక వరసలో అతని కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

ఆమె మైకు తీసుకుంది.

"మాది కళ్ళజోళ్ళ షాపు. కొత్త ఫ్రేము పెట్టుకుని అందరూ అద్దంలో చూసుకుంటారు. అందులో పవర్ ఉండదు. వాళ్ళకి ఏమీ కనపడదు. 'బాగున్నాను, ప్యాక్ చెయ్యండి' అంటారు."

నిశ్శబ్దం. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

ఒకటి. రెండు. ఇంకో ముక్క కలుపుదామా అని నాలుక దురద పెట్టింది. మూడు.

ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్నావిడ ఫక్కుమంది. పక్కాయన అందుకున్నాడు. అక్కడి నుంచి నవ్వు వెనక్కి పాకి హాలంతా నిండింది. ఆమె వెంటనే ఇంకో మాట అనలేదు. నవ్వుని పూర్తిగా రానిచ్చింది, తగ్గుతుండగా రెండో జోకు అందుకుంది. మళ్ళీ నిలబడింది. ఈసారి రెండు లెక్కపెట్టేసరికే వచ్చేసింది.

ఆఖర్న ఓనరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చే శనివారం నుంచి నీకే" అంది. మాస్టారు ఆమె నోట్‌బుక్ లాక్కుని 'ఈ నవ్వులన్నీ నీవే' అని రాసి సంతకం పెట్టాడు.

ఆమె ఆగలేదు. బయటికి పరిగెత్తింది, లిఫ్టు మెకానిక్ ఎక్కడ దొరుకుతాడో ఈ బిల్డింగ్ వాచ్‌మన్‌ని అడుగుదామని. అడగక్కర్లేకపోయింది. లిఫ్టు పక్క మెట్ల మీదే కూర్చున్నాడు. ఒళ్ళంతా గ్రీజు.

"మాట తప్పలేదండీ" అన్నాడు లేచి నిలబడి. "హాల్లోకి రాలేదు."

"ఇక్కడేం చేస్తున్నారు?"

"పొద్దున్నుంచి మూడుసార్లు ఆగింది ఇది. ఐదంతస్తులు ఎక్కొచ్చినవాడు ముందు ఆయాసపడతాడు, తర్వాత మంచినీళ్ళు అడుగుతాడు. ఇంక నవ్వేదెప్పుడు? అందుకని ఆగినప్పుడల్లా వెంటనే బాగుచేశాను. నవ్వకుండా నేను చెయ్యగలిగింది ఇదొక్కటే."

ఆమెకి కళ్ళు నిండాయి. "విన్నారా?"

"మాటలు వినపడలేదు. నవ్వులు వినపడ్డాయి. పంతొమ్మిది."

"నేను ఇరవై అనుకున్నాను."

"ఒకటి దగ్గు."

ఆమె నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత నాన్నలా నిటారుగా నిలబడింది. "కదలకుండా నా వైపు చూడండి. పరీక్ష. మొదటిది. 'మీరు అప్పుడప్పుడు షాపుకి వస్తూ ఉండండి.' రెండోది. 'మీరంటే నాకు ఇష్టం, మనం పెళ్ళి చేసుకుందాం.' ఇది బాగుందా, అదా?"

అతను నవ్వలేదు.

గాలికి నవ్వే మనిషి, కనుబొమ్మ లేస్తే నవ్వే మనిషి, నోరు తెరుచుకుని అలాగే చూస్తున్నాడు. ఒకటి. రెండు. ఆమె ఒక్క ముక్క కలపలేదు. మూడు. నాలుగు. కదలకుండా నిలబడింది.

అతను కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తుడవడంతో అద్దాలకి ఇంకాస్త గ్రీజు అంటింది.

"రెండోది" అన్నాడు. "రెండోదే. చాలా స్పష్టంగా ఉంది."

వెనక నుంచి దగ్గు వినపడింది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. హాలు తలుపు దగ్గర నాన్న, ఎప్పట్నుంచి ఉన్నాడో.

"అమ్మాయ్, రెండో షాపుకి వేరే మనిషిని చూస్తాలే" అన్నాడు నాన్న. తర్వాత కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, దాని మీదుగా అతన్ని పైనుంచి కింద దాకా చూశాడు. "ఏం బాబూ, మా షాపులో బోర్డు చదివావుగా? కోశాక వాపసు లేదు."

ఒకటి. రెండు.

ముందు పాత మోటారు గుర్రుమంది. తర్వాత భుజాలు ఎగిరాయి. తర్వాత ఆ నవ్వు ఐదంతస్తుల మెట్లూ దిగి కింద వాచ్‌మన్ దాకా పోయింది. హాల్లోంచి వస్తున్నవాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు. నాన్న గోడ వైపు తిరిగాడు గానీ, ఆయన భుజాలు కూడా కదులుతూనే ఉన్నాయి.

ఆమె నోట్‌బుక్ తెరిచి ఒక గీత గీసింది. ఆ నవ్వుని ఈసారి లెక్కలో వేసుకుంది.