పొరపాటు విజిల్‌కి కారణం

విజిల్ మోగింది. ఊదింది తనే అని అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

పదిమంది ఆటగాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి అతని వైపు తిరిగారు. రేకుల కప్పు మీద వాన మాత్రం ఎవరి విజిల్‌నీ లెక్కచేయకుండా దరువేస్తూనే ఉంది. తెల్ల జట్టులో పన్నెండో నంబరువాడు నీలం జట్టు చేతిలోంచి లాక్కున్న బంతిని పొట్టకి అదుముకుని బిక్కమొహం వేశాడు. తనే ఏదో తప్పు చేశానని అతని నమ్మకం.

పన్నెండు ఏ తప్పూ చేయలేదు. ఆ మాటకొస్తే ఎవరూ చేయలేదు. తప్పంతా నోట్లో విజిల్ పెట్టుకుని చూడకూడని చోటికి చూసిన రెఫరీగారిదే.

ఈ రెఫరీగారు వారమంతా కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళకి అక్షరాల బోర్డు చూపించి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడం అతని ఉద్యోగం. శని, ఆదివారాల సాయంత్రాలు మాత్రం బూడిదరంగు చొక్కా వేసుకుని బాస్కెట్‌బాల్ ఆడిస్తాడు. ఈ సంగతి బయటపడ్డాక ప్రేక్షకులకి కొత్త తిట్లు వెతుక్కునే శ్రమ తప్పింది. అతని కంటికి అద్దాలు లేకపోయినా హాల్లో అందరూ అతన్ని కళ్ళజోడు అనే పిలుస్తారు.

ఇవాళ అతనికి పరీక్ష. పాసైతే వచ్చే నెల నుంచి పై లీగ్‌లో ఆడించొచ్చు. పరిశీలకుడు రెండో వరుసలో ఒళ్ళో అట్ట పెట్టుకుని, మూత తీసిన పెన్నుతో కూర్చున్నాడు. ఈ పరిశీలకుడు చీఫ్ రెఫరీకి స్వయానా కన్నతండ్రి. ఇక చీఫ్ రెఫరీ ఎవరంటే, కోర్టుకి అవతలి గీత దగ్గర నిలబడిన అమ్మాయి. మన కళ్ళజోడు ఆట మానేసి చూసింది ఆ అమ్మాయినే.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. పై లీగ్ పరీక్ష నిరుడే పాసైంది, వచ్చే నెల వెళ్ళిపోతోంది. అతను కూడా పాసైతే ఈ రెఫరీల జంట అలాగే ఉంటుంది. ఫెయిలైతే ఆమె పక్కన ఇంకెవరో ఉంటారు, అతను ఈ రేకుల హాల్లోనే మిగిలిపోతాడు.

రెఫరీల పనిలో ఒక పద్ధతి ఉంది. బంతి లోపలికి వేయించే ముందు ప్రతిసారీ ఇద్దరు రెఫరీల చూపులూ కలవాలి. నువ్వు సిద్ధమా అంటే సిద్ధమే అని. మ్యాచ్‌కి ఎనభై సార్లయినా కలుస్తాయి. రెండు సీజన్లుగా అతను ఆ ఎనభై చూపుల మీదే బతుకుతున్నాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి మాత్రం పరీక్ష పాసవ్వాలని తనకి తానే ఒక షరతు పెట్టుకున్నాడు. అందుకే పొద్దుటి నుంచి కుదురు లేదు. షాపులో ఒక పెద్దాయనకి ఆడవాళ్ళ ఫ్రేము పెట్టి బాగుందన్నాడు. ఇక్కడికొచ్చాక బూట్ల లేసులు నాలుగుసార్లు విప్పి కట్టాడు.

ఇంకా ముప్పై ఎనిమిది సెకన్ల ఆట మిగిలి ఉంది. నీలం జట్టు ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. బంతి ఆటలో ఉన్నప్పుడు చూపులు కలవక్కర్లేదు, కలవకూడదు కూడా. సరిగ్గా అప్పుడే ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వింది. అతని గుండె ఒక్కసారి పట్టు తప్పింది, ఊపిరి వచ్చి విజిల్లో పడింది.

అలవాటు కొద్దీ అతని చెయ్యి పైకి లేచింది. పిడికిలి బిగిస్తే ఫౌల్ అన్నట్టు. ఇంకా బిగించలేదు. ఆమె పరుగున వచ్చింది.

"ఏం చూశావ్?"

"ఏమీ చూడలేదు."

"మరి చెయ్యెందుకు లేచింది? పన్నెండు మీద ఫౌలా?"

"ఇచ్చేయనా?"

"నన్నడుగుతావేంటి? చూశావా, లేదా?"

అతను పన్నెండు వైపు చూశాడు. అప్పటికే నాలుగు ఫౌళ్ళున్నాయి. అయిదోది పడితే బయటికెళ్ళి కూర్చోవాల్సిందే. ఇచ్చేస్తే ఎవరికీ అనుమానం రాదు. పరిశీలకుడి కాగితం మీద చక్కగా ఒక టిక్కు పడుతుంది. పన్నెండు కూడా నోరెత్తడు, ఎందుకంటే అప్పుడే తువ్వాలు కోసం బెంచీ వైపు చూస్తున్నాడు. ఆ చూపే అతన్ని పట్టుకుంది. చెయ్యి దించేశాడు.

"చూడలేదు. పొరపాటున ఊదేశా."

"పొరపాటున ఎలా ఊదుతారు?"

"ఊపిరి వదిలా. విజిల్ నోట్లో ఉంది."

"గంటన్నర నుంచి నోట్లోనే ఉందిగా. ఇప్పటిదాకా ఊపిరి తీసుకోలేదా?"

"నీ వైపు చూశా," అన్నాడు. "నువ్వు నవ్వావు."

కోర్టు మధ్యలో మాట్లాడుకునేటప్పుడు రెఫరీల మొహంలో ఏమీ కనబడకూడదు. ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి, అది పరుగు వల్ల కూడా కావచ్చు.

"విజిల్ మోగినప్పుడు బంతి ఎవరి దగ్గరుంది?"

"నీలం దగ్గర అనుకుంటా. పన్నెండు లాక్కున్నది ఆ తర్వాత. అనుకుంటా."

"అనుకుంటే కుదరదు. టేబుల్‌ని అడుగుదాం పద."

టేబుల్ దగ్గర గడియారం నడిపేది ఒక టైలరమ్మ. హాల్లో అందరికీ ఆమె పిన్ని. ఇరవై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్న ఆ కళ్ళు ఒకసారి బంతి మీద పడితే మళ్ళీ పక్కకి తిరగవు.

"విజిల్ మోగినప్పుడు బంతి ఎవరిది పిన్నీ?"

"నీలానిది. చేతిలోనే ఉంది. విజిల్ విని వాడు పట్టు వదిలాక ఇతను లాక్కున్నాడు. ఇంతకీ ఆ విజిల్ దేనికమ్మా?"

"పొరపాటు పిన్నీ."

"ఓహో," అంది పిన్ని. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే.

పొరపాటు విజిల్‌కి రూల్ పుస్తకంలో మందు చాలా తేలిక. బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే తిరిగి ఇవ్వాలి. ఆట ఆగిన చోటికి దగ్గర్లో, గీత బయటి నుంచి వేయించాలి. గడియారాలు విజిల్ మోగిన క్షణం దగ్గరే ఉండాలి. బంతి ఎవరి చేతిలోనూ లేనప్పుడే టేబుల్ మీదున్న వంతుల బాణం ఏ జట్టు వైపు చూపిస్తే ఆ జట్టుకి ఇస్తారు. ఇవన్నీ చేతులు చేసే పనులే. కష్టం వీటికి ముందుంది, పొరపాటు నాదేనని హాలంతా వినేలా ఒప్పుకోవాలి.

అతను ఒప్పుకున్నాడు. తెల్ల జట్టు కోచ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మావాడు బంతి లాక్కుంటే పొరపాటా?"

"మీవాడిది కాదు సార్, నాది."

"నీ పొరపాటుకి మా బంతి పోవాలా?"

"విజిల్ మోగాక లాక్కున్నది చెల్లదు సార్."

"అసలు విజిల్ ఎందుకు మోగింది?"

అతను మెడలో విజిల్ తాడు సర్దుకున్నాడు.

"కళ్ళ డాక్టర్‌వి కదయ్యా, ముందు నీ కళ్ళు ఎవరికైనా చూపించుకో."

"డాక్టర్ని కాదు సార్, షాపులో చేస్తా."

పన్నెండు మెల్లిగా దగ్గరికొచ్చాడు. "సార్, అయితే నాకు ఫౌల్ లేనట్టేనా?"

"లేదు. వెళ్ళి ఆడు."

గీత దగ్గర బంతి నీలం చేతికిచ్చే ముందు చూపులు కలపాలి కాబట్టి కలిపాడు. ఈసారి ఆమె నవ్వలేదు. నీలంవాళ్ళు వేసిన షాట్ తప్పింది. పన్నెండు బంతి అందుకుని అవతలి చివరికి ఒకటే పరుగు తీసి వేస్తే అది రింగు మీద రెండు చుట్లు తిరిగి బయటికే పడింది. తెల్ల జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. పరిశీలకుడు పెన్ను మూత పెట్టకుండానే మెట్లు దిగాడు.

రెఫరీల గది అంటే చాపలూ చిరిగిన వలలూ పడేసే కొట్టు. అందులోనే ఒక బల్ల, ఒక బెంచీ. చివరి రెండు నిమిషాల్లో పొరపాటు విజిల్ మోగితే చీఫ్ రెఫరీ ఒక ఫారం నింపి సంతకం పెట్టాలని ఆ లీగ్ నియమం. ఆమె బెంచీ మీద కూర్చుని నింపుతోంది. అతను తలుపు నుంచి చాపల దాకా, చాపల నుంచి తలుపు దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"కూర్చో కళ్ళజోడూ. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోలేను. ఎక్కడిదాకా రాశావ్?"

"టైమ్ రాశా. స్కోర్ రాశా. ఆట మళ్ళీ ఎలా మొదలైందో రాశా. ఇక కారణం."

"ఏం రాస్తావ్?"

"ఏం రాయమంటావ్? జారింది అని రాయనా? దగ్గొచ్చిందని రాయనా?"

అతను ఆగాడు. దగ్గు చాలా మంచి కారణం. వానాకాలం, ఎవరైనా నమ్ముతారు. బహుశా పాస్ కూడా చేసేస్తారు.

"వద్దు," అన్నాడు. "కింద నీ సంతకం ఉంటుంది. నిజమే రాయి."

"రాస్తే ఫెయిలవుతావ్."

"తెలుసు."

"నా పక్కన వేరేవాళ్ళొస్తారు."

"అదీ తెలుసు. పొద్దుటి నుంచి దాని గురించే కదా నాకీ అవస్థ." మళ్ళీ నడవడం మొదలుపెట్టాడు. గోడకి చెప్తున్నట్టు చెప్పేశాడు. "పాసయ్యాక చెప్దామనుకున్నా. ఇక పాసయ్యేలా లేను, అందుకే ఇప్పుడే చెప్తున్నా. నువ్వంటే నాకు ఇష్టం. రెండేళ్ళుగా. శనివారం వస్తోందంటే శుక్రవారం నిద్రపట్టదు. నువ్వు పైకి వెళ్ళు, బాగా ఆడించు, నేను అడ్డురాను. కానీ తెలియకుండా మాత్రం వెళ్ళొద్దు."

పెన్ను కదులుతున్న చప్పుడు తప్ప జవాబు లేదు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె తల వంచుకుని రాస్తూనే ఉంది. అంత పెద్ద మాట చెప్తే ఫారం నింపుకుంటోందని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఎంత తొంగి చూసినా ఏం రాస్తోందో కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"చూపించవా?"

"చదవాల్సినవాళ్ళు చదువుతారు."

చదవాల్సిన మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. గొడుగు మూలన ఆనించి ఫారం అందుకున్నాడు. అందరికీ వినబడేలా చదవడం ఆయన అలవాటు.

"టైమ్, ముప్పై ఎనిమిది సెకన్లు. సరే. ఆట మళ్ళీ మొదలైన తీరు, టేబుల్‌ని సంప్రదించి నీలం జట్టుకి. సరే. కారణం." ఆయన గొంతు కొంచెం నెమ్మదించింది. "విజిల్ మోగిన క్షణంలో రెఫరీలు ఇద్దరూ బంతిని చూడటం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. మొదట చూసింది చీఫ్ రెఫరీ."

కళ్ళజోడు నడక ఆగిపోయింది. ఆమెకి బంతి ఎక్కడుందో నిజంగానే తెలియక తనని అడిగిందని, ఆ తర్వాత టేబుల్‌ దగ్గరికి లాక్కెళ్ళిందని అప్పుడు వెలిగింది అతనికి.

ఆయన కూతురి వైపు చూశాడు. "ఈ కాగితం లీగ్ ఆఫీసుకి వెళ్తుంది. తెలుసా?"

"తెలుసు సార్." హాల్లో ఆమెకి ఆయన సారే.

"వచ్చే నెల నువ్వు వెళ్ళడం కూడా ఆగిపోతుంది."

"తెలుసు సార్."

"నీ చూపు సంగతి రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"పన్నెండు మీద ఫౌల్ ఇచ్చేసి ఉంటే ఇతని సంగతీ ఎవరికీ తెలిసేది కాదు సార్. ఇతను ఇవ్వలేదు."

ఆయన అట్ట మీద ఏదో రాసి పెన్ను మూత పెట్టాడు.

"పొరపాటు సరిదిద్దిన తీరుకి పూర్తి మార్కులు. చూపుకి సున్నా. మొత్తమ్మీద ఫెయిల్. మూడు నెలల తర్వాత మళ్ళీ రా అబ్బాయ్." కూతురికేసి తిరిగి, "ఆఫీసువాళ్ళు నిన్నూ అంతవరకూ ఇక్కడే ఉంచుతారు. అతనితోనే," అన్నాడు.

"సరే సార్," అన్నారిద్దరూ.

ఆయన గొడుగు తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. "రేపు మ్యాచ్ లేదుగా. సాయంత్రం మా ఇంటికి రా. మీ ఇంట్లోవాళ్ళకి చెప్పి రా."

"నాన్నా," అంది ఆమె.

"నాన్నా లేదు, ఏమీ లేదు. కాగితం మీద పెట్టి సంతకం చేశాక ఇంకా దాపరికమేంటి? ఆఫీసువాళ్ళ నోటి నుంచి మీ అమ్మ వినేకంటే మనమే చెప్పడం ఒంటికి మంచిది."

ఆయన వెళ్ళిపోయాడు. అడగాల్సినవి చాలా ఉన్నాయి కానీ అతను ముందు ఒక్కటే అడిగాడు.

"పై లీగ్ పోయింది కదా. బాధగా లేదా?"

"ఎందుకుండదు? చాలా బాధగా ఉంది. ఏడాదంతా ఆ తేదీ కోసమే ఎదురుచూశా." ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "అయినా నిన్నొక్కడినే దోషిని చేసి వెళ్ళాలనిపించలేదు. ఏడుపొస్తోంది. కాసేపు ఏం మాట్లాడకు. వెళ్ళిపోకు కూడా."

అతను బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె నిజంగానే ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ అతని చెయ్యి వదల్లేదు.