విప్పి కుట్టిన కోటు

ఆ రోజుల్లో విశాఖలో ఏ ఇంట్లోనూ సూది ఉండేది కాదు. చొక్కా కావాలన్నా చెప్పులు కావాలన్నా రూపిణి అనే యంత్రానికి చెబితే చాలు. అణువుల పొడిని పొరలు పొరలుగా పేర్చి, అడిగిన వస్తువును కాఫీ చల్లారేలోగా చేతిలో పెట్టేది. జనం ముచ్చటపడి అడిగారని, చేత్తో చేసినట్టు కనబడేలా అక్కడక్కడా వంకర కుట్లు వేయడం కూడా దానికి నేర్పారు. నేర్పింది డాక్టర్ కౌముది. రూపిణిని కనిపెట్టిందీ ఆవిడే.

అలాంటి మనిషి స్టీమ్‌పంక్ వేషాల పోటీకి పేరిచ్చిందంటే ఊరంతా నవ్వింది. ఆవిరియంత్రాల కాలం నాటి వేషాన్ని ఇంట్లో, సొంత చేతులతో తయారు చేసుకోవాలన్నది అక్కడి నియమం. రూపిణిని పుట్టించిన మనిషే చేత్తో కుట్టిందంటే నమ్మే వెర్రివాళ్లెవరని ఆమె ప్రయోగశాలలోనే గుసగుసలాడారు. కౌముదికి ఒళ్లు మండింది.

ఇనుప తీగను సానబెట్టి సూది చేసుకుంది. వంటింటి బల్ల మీద తోలు పరిచి కోటు కత్తిరించింది. పాడైన గోడగడియారాన్ని విప్పి పళ్లచక్రాలు తీసింది. పాత కుళాయి ఇత్తడిని సాగగొట్టి కళ్లద్దాలకు చట్రం చేసింది. వేళ్ల నిండా సూదిపోట్లే. తీరా తొడుక్కుంటే కోటు చేతులు మోచేతుల దగ్గర వెనక్కి వంగి ఉన్నాయి. ఎడమ చేతిని కుడివైపు, కుడి చేతిని ఎడమవైపు కుట్టేసింది! విప్పి మళ్లీ కుట్టింది కానీ, తోలుకు పడిన సూది చిల్లులు పూడవు కదా. అవి కనబడకుండా భుజాల చుట్టూ పళ్లచక్రాలు బిగించి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

పోటీ రోజున వేదిక మీద 'చేతిజాడ' నిలబడింది. ప్రతి కుట్టునూ కిరణాలతో తడిమి, మనిషి పనో యంత్రం పనో తేల్చే పరికరమది. కౌముదితో కలిసి చదువుకున్న పైడిరాజు తయారుచేశాడు. ముందు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే తల దించుకుని దిగిపోయారు. వాళ్ల వంకర కుట్లన్నీ రూపిణివేనని అది ఇట్టే పట్టేసింది. కౌముది వంతు వచ్చింది. ఇక్కడ ఓడితే దొంగ అన్న ముద్ర ఇక జన్మలో పోదు.

కిరణం భుజం దగ్గర ఆగింది. చక్రాల కింద ఏదో దాచారంది చేతిజాడ. సభలో ఈలలు మొదలయ్యాయి.

"ఏటి దాచేవు కౌముదీ?" అన్నాడు పైడిరాజు మెల్లగా.

ఆమె నిజం చెప్పేసింది. "చేతులు తారుమారుగా కుట్టేసేన్రా. విప్పి మళ్లీ కుట్టేను. చిల్లులు కనిపిస్తే సిగ్గని చక్రాలు పెట్టేను."

చేతిజాడ తీర్పు చెప్పింది. "రూపిణి తప్పు చేయగలదు. చేసిన తప్పును దాచుకోదు. ఇది మనిషి చేతిపని."

సభంతా లేచి నిలబడింది. కౌముది తలమీది టోపీని గాల్లోకి ఎగరేసింది. రూపిణి మొదటిసారి పనిచేసిన రోజున కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.

వేదిక దిగేలోగానే ఆమె ఫోన్ మోత మొదలైంది. రూపిణి వాడేవాళ్లందరిదీ ఒకటే కోరిక. ఈసారి కోటుకు విప్పి కుట్టిన చిల్లులు, వాటిని దాచే చక్రాలు కూడా వచ్చేలా చూడమని.

కౌముది పగలబడి నవ్వింది. అందరికీ ఒకటే జవాబు పంపింది: "రూపిణికి సిగ్గుపడటం నేర్పడం నా వల్ల కాదు. రేపు మా ఇంటికి రండి, సూదులిస్తాను."