హజరత్ వలి షాపులో వెలుగు

గిద్దలూరు స్టేషన్ రోడ్డున హజరత్ వలి కంప్యూటర్ షాపుంది చూడు, పొద్దుగూకినాక దాని ముందు నుంచి ఎవరూ పోయేవాళ్ళు కాదు. వలి చనిపోయినాక నలభై రోజుల ఫాతెహా ప్రార్థనలు అయ్యేదాకా షట్టర్ మూసే ఉంది. కరెంటు పోయి వస్తే మటుకు లోపల వెలుగొచ్చేది... దానంతటదే.

గొర్లు తోలుకొస్తా అంకన్న ఒక రాత్రి కిటికీ సందులోంచి చూసినాడంట. నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలు... అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం మనవి, ఫోన్లో రాసుకున్నట్టు—

"వచ్చినావా? టీ తాగినావా?"

బతికున్నప్పుడు గడప తొక్కిన ప్రతివాణ్ణీ వలి అడిగే మాట! అంకన్న చెప్పులు అక్కడే వదిలేసి లగెత్తినాడు. గొర్ల కంటే ముందు ఆయనే ఇల్లు చేరినాడంట.

గది సొంతదారు చెన్నయ్య, వలి కూతురు బుష్రాను పిలిపించినాడు.

"మీ నాయన మంచోడే తల్లీ. కానీ పక్క గదుల్లోకి గూడా ఎవరూ రావడంలా. రేపు పొద్దున తాళం ఇచ్చెయ్యి."

ఆ షాపు తప్ప బుష్రాకు వేరే బతుకుతెరువు లేదు. "ఈ రాత్రికి చూసొస్తా పెదనాయనా," అనింది. అంకన్నను తోడు రమ్మనింది.

"నేనెందుకమ్మా..."

"చెప్పులు తెచ్చుకోవా మామా?"

షట్టర్ ఎత్తినారు. కరెంటు లేదు... చీకటి... ఉన్నట్టుండి కరెంటొచ్చింది. కంప్యూటర్ బుర్రుమనింది. తెర వెలిగింది—

"వచ్చినావా? టీ తాగినావా?"

అంకన్న కళ్ళు మూసుకున్నాడు. బుష్రా వంగి, కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి పెన్‌డ్రైవ్ ఒకటి పీకింది. నవ్వింది... కళ్ళు తుడుచుకునింది.

బుష్రా తర్వాత చెప్పింది, డిస్కులు ఫార్మాట్ చేసే ప్రోగ్రాం వలి సొంతంగా రాసుకున్నాడంట. అది డిస్కంతా తుడిచి, మొట్టమొదటి చోట్లో చిన్న కోడ్ పెడుతుందంట. కంప్యూటర్ లేస్తానే ముందు చదివేది ఆ చోటే. అరవయ్యేళ్ళకు పలక పట్టినదాన్ని, పలక తుడిచి మొదట ఓనమాలు దిద్దినట్టని నేను అర్థం చేసుకున్నా. అక్కడ "ఇందులో ఏమీ లేదు" అని రాయాల్సింది, వలి తన పలకరింపు రాసినాడు. ఆసుపత్రికి పోయిన రోజు, అట్లా తుడిచిన పెన్‌డ్రైవ్ తియ్యడం మరిచినాడు. కరెంటు రాంగానే లేచేట్టు కంప్యూటర్‌ను పెట్టిందీ ఆయనే.

తెల్లారి చెన్నయ్య వచ్చి, సంగతంతా విన్నాడు. "అట్లయితే నా కళ్ళ ముందరే తుడిచెయ్యి," అన్నాడు.

బుష్రా దగ్గరుండేది వాళ్ళ నాయన ప్రోగ్రామే. దాంతోనే పెన్‌డ్రైవంతా తుడిచింది. పెన్‌డ్రైవ్ మళ్ళీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసింది.

"వచ్చినావా? టీ తాగినావా?"

చెన్నయ్య తాళం కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత స్టూలు లాక్కొని కూర్చున్నాడంట.

"ఇంకా తాగలేదు వలీ," అన్నాడు... మెల్లగా, తెర వైపు చూసి.