పూరకి పలికిన మాట

ఐదో అంతస్తుకి వచ్చేసరికి నాగరత్నానికి కాళ్ళు పీకేస్తున్నాయి. పొద్దుటినుంచి మాట్లాడుతూ నడుస్తూనే ఉంది, నోరు పిడచకట్టుకుపోయింది. కింద హాల్లో కూర్చున్న మస్తాన్ వలి చెవిపూసలో ఆమె మాటలు వింటూ, మధ్యమధ్య తనూ ఏదో ఒకటి అంటున్నాడు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఇదే ఉద్యోగం. చెవిపూసల మధ్య మాటలు మోసే స్వరజాలం కొత్తగా బిగించిన ప్రతి భవనంలోనూ ఒకరు తిరగాలి, ఒకరు కూర్చోవాలి. ఎక్కడా మాట తెగడం లేదని తేల్చాలి.

తెగినా తెలిస్తేగా! అదే వచ్చిన చిక్కు. తీగలూ గంటలూ పోయి అందరికీ చెవిపూసే దిక్కయిన ఈ రోజుల్లో, మాట తెగితే జనం ఊరుకోవడం లేదని కంపెనీవాళ్ళు జాలంలోనే పూరకి అనే యంత్రాన్ని పెట్టేశారు. సంకేతం అందని చోట, అవతలి మనిషి ఏమనబోతాడో ఊహించి, అతని గొంతుతో అదే మాట్లాడేస్తుంది. ఇంట్లో కబుర్లకైతే ఏం పోయింది? ఇది ఆసుపత్రి. రేపటినుంచి రోగులు వస్తున్నారు. ఊపిరాడక పిలిచిన రోగికి నర్సు గొంతుతో పూరకి "వస్తున్నా" అంటే, వచ్చేదెవరు?

అందుకే ఈ పనివాళ్ళు యంత్రాన్ని నమ్మరు. నడక అయ్యాక ఎదురెదురుగా కూర్చుని, ఎక్కడ ఎవరేమన్నారో, ఎవరేం విన్నారో సరిచూసుకుంటారు. తేడా వచ్చిన చోట జాలంలో ఖాళీ ఉన్నట్టు లెక్క.

ఆ సాయంత్రం టీ తాగుతూ నాలుగు అంతస్తులు సరిచూశారు. తేడా రాలేదు. ఐదో అంతస్తు లిఫ్టుల దగ్గర మస్తాన్, "అలిసిపోయావమ్మా, కాసేపు కూర్చో" అన్నాడని నాగరత్నం చెప్పింది. ఆ మాట తనతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. నిజంగానే మెట్లమీద కూర్చుంది కూడా.

"నేనామాట అనలేదే" అన్నాడు మస్తాన్.

ఖాళీ దొరికింది. దొరికినందుకు సంతోషించాలి గానీ, ఆమెకి ప్రాణం ఉసూరుమంది. మరి నువ్వేమన్నావని అడిగితే అతను తల దించుకున్నాడు. అలాగే చెప్పాడు. కొన్ని నెలలుగా అతనికి కుడి చెవి సరిగా వినపడడం లేదట. వచ్చే చెవి పరీక్షలో పైవాళ్ళు పట్టుకుంటే ఇంటికి పంపేస్తారు. ఒంటిగాడు, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. మొహం చూసి అడగలేక, ఈ విషయం దాచిపెట్టి తన వంతు కూడా వినగలవా అని చెవిపూసలో అడిగేశాడు.

"నువ్వు, 'నేనున్నా గదన్నా, నీ వంతు కూడా నేనే వింటా' అన్నావు. ఎంత ధైర్యమొచ్చిందో నాకు."

నాగరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అలా అంటే అతని మాట తనకి అందినట్టే, లిఫ్టుల దగ్గర ఖాళీ లేదని రాయాలి. రేపు అక్కడే ఎవరో ఒకరు పడిపోతారు.

"నేననలేదన్నా. నువ్వడిగింది నాకు వినపడనే లేదు."

మస్తాన్ గ్లాసు కింద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు, అదే ఆమెకి మరీ కష్టంగా తోచింది.

"పోన్లేమ్మా. దానికి నీ గొంతు తెలుసు, నీ మనసూ తెలుసు. ఇన్నేళ్ళ నీ మాటలు విని నేర్చుకుంది గదా. నువ్వు అనేదానివనే గదా అది అనింది?"

ఇద్దరి పని ఒక్కతే చెయ్యడం, రోజూ భయపడుతూ అబద్ధం రాయడం. తలుచుకుంటేనే ఆమె ఒళ్ళు బరువెక్కింది. అతనంటే జాలి లేక కాదు. ఓపిక లేదు.

"ఇదివరకైతే అనేదాన్నేనన్నా" అంది మెల్లగా. "ఇప్పుడు నావల్ల కాదు."

మస్తాన్ ఎడమ చెవి ఇటు తిప్పి ముందుకు వంగాడు.

"ఏమన్నావమ్మా?"

ఆమె ఆ మాట మళ్ళీ, గట్టిగా చెప్పింది.