అతుకు మేస్త్రి రోలరు

ఆ తోటలో ఇంకోసారి కాలు పెట్టనని అతుకు మేస్త్రి రెండేళ్ల కిందట ఒట్టేసుకున్నాడు. కబురు రాగానే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, అదే గేటు తోసుకుని లోపలికొచ్చాడు.

నీళ్ల కుంటలకి అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, ముక్కకీ ముక్కకీ మధ్య వేడిగాలితో కరిగించి అతికించడం అతని పని. చిరిగిన షీటుకి అతను అతుకు వేశాడంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు. అందుకే ఆ పేరు. చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దుడుకు.

ఈ కుంటకి షీటు వేసిందీ అతనే. ఆ రోజు ఆఖరి ముక్క పరిచి అతుకు వెయ్యబోతే చేతి రోలరు కనబడలేదు. అరచేతిలో ఇమిడే చిన్న పనిముట్టు. కరిగిన షీటు మీద దాన్ని గట్టిగా దొర్లిస్తేనే అతుకు పట్టుకుంటుంది. పని నేర్పిన మేనమామ ఇచ్చింది, కర్రపిడి మీద 'అ' అని కాల్చిన అక్షరం ఉంటుంది. మనవాడికి అదంటే ప్రాణం.

ఆ పొద్దంతా పక్కన నిలబడి ఇదేంటి, అదెందుకు అని ప్రశ్నలు వేసింది ఆ ఇంటి అమ్మాయి. ఒకసారి రోలరు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది కూడా. ఇంకేముంది, మనవాడు వెనకా ముందూ చూసుకోకుండా నోరు పారేసుకున్నాడు.

“ముచ్చటపడితే అడగాలి గానీ, తీసి దాచుకోవడమేంటండీ?” అన్నాడు, పనివాళ్లందరి ముందూ.

ఆ అమ్మాయి మొహం ఎర్రగా కందిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్న మేస్త్రి షెడ్డుకి వచ్చి, అమ్మాయి ఇమ్మందంటూ కొత్త రోలరు చేతిలో పెట్టి వెళ్లాడు. తప్పు ఒప్పుకున్నట్టే కదా అని మనవాడు తేల్చేశాడు. అది మొదలు ఏ కుంట దగ్గర పనికి పోయినా ఆ రోలరు పైకెత్తి చూపించి, దీని వెనక ఒక దొంగపిల్ల కథ ఉందని చెప్పి అందరినీ నవ్వించేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ కందిపోయిన మొహం కళ్లముందు కనబడేది. కథ అయ్యాక రోలరుని అవసరానికి మించి తుడిచి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకునేవాడు. ఎందుకని తనని తాను ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ కుంట కారిపోతోంది. వారానికి ఒక్కసారి వంతుకి వచ్చే కాలువ నీళ్లు అందులో నింపుకుంటారు. నింపిన నాలుగు రోజులకే అడుగంటుతున్నాయి. కుంట పక్కన అమ్మాయి పెట్టుకున్న నర్సరీ ఉంది. వరసలు వరసలుగా సంచుల్లో నిమ్మ, జామ, గులాబీ, అన్నీ తలలు వాల్చేశాయి. నాచు తీస్తానని ఇనుప పళ్ల దంతె వేసి లాగిందనీ, అదే షీటుని చీరేసిందనీ వాళ్ల నాన్న, ఆ పెద్దాయన నమ్మకం. కుంట పూడ్చేసి నర్సరీ ఎత్తేస్తే పీడా వదులుతుందని వారం నుంచీ సాధిస్తున్నాడు.

“ఏం బాబూ, దంతె పనేనా?” అని అడిగాడు మేస్త్రిని, గేటు దగ్గరే.

మనవాడు అమ్మాయి వైపు చూడలేదు. కుంట వైపు మాత్రం ఏం చూశాడు గనక. “అంతే అయ్యుంటుంది బాబాయ్ గారూ,” అనేశాడు.

దంతె కాదు, చేతివలతోనే తీశానని ఆ అమ్మాయి మెల్లిగా అంది. వినిపించుకున్నవాళ్లు లేరు.

మిగిలిన నీళ్లు తోడేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మేస్త్రి చెప్పులు విప్పి, ఉత్త కాళ్లతో షీటు మీదికి దిగాడు. బురద తుడుచుకుంటూ పోతే, ఆఖరి అతుకు పక్కన పిడికిలంత ఉబ్బు కాలికి తగిలింది. దాని నెత్తిన రెండు వేళ్లు దూరేంత చిరుగు. కత్తితో కాస్త వెడల్పు చేసి చెయ్యి లోపల పెట్టాడు. కర్రపిడి తగిలింది. బయటికి లాగితే 'అ'.

నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది. కానీ అక్కడ నేల మీద షీటు ఉంది, అదీ తను వేసిందే.

అంతా గుర్తొచ్చింది. అడుగున పరిచిన దళసరి గుడ్డ మీద రోలరు పెట్టింది తనే. లాగండి, లాగండి అని అరిచి దాని మీదికి షీటు లాగించిందీ తనే. రెండేళ్ల పాటు నీళ్ల బరువుకి షీటు ఆ ఇనప కొసకి ఒరుసుకుని ఒరుసుకుని చిరిగింది. ఆ పిల్ల ఏ పాపం ఎరగదు.

రోలరు జేబులో పడేసుకున్నాడు. ఎందుకలా చేశాడో, చేతికే తెలియాలి.

“ఏమైనా కనబడిందాండీ?” అని పైనుంచి అడిగింది అమ్మాయి. ఇంట్లోంచి రెండు బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి మొక్కలకి చెంబుతో పోస్తోంది.

“చూస్తున్నానండీ,” అన్నాడు తేలు కుట్టిన దొంగలా. రెండేళ్లు ఊరంతా దొంగ కథ చెప్పుకు తిరిగాడు కదా, ఆ దొంగెవరో ఇప్పుడు జేబు తడుముకుంటే తెలుస్తోంది.

గట్టు మీద పెద్దాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. రేపు పొద్దున్నే మట్టి ట్రాక్టర్లు పంపించమంటున్నాడు. అమ్మాయి చేతిలో చెంబు ఆగిపోయింది. ఆనాటిలాగే మొహం ఎర్రగా కందింది.

అంతే, మనవాడికి ఇక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. గట్టెక్కి, జేబులోంచి రోలరు తీసి ఇద్దరి ముందూ పట్టుకున్నాడు.

“బాబాయ్ గారూ, ట్రాక్టర్లు వద్దని చెప్పండి. కుంట చిరిగింది దంతె వల్ల కాదు, నావల్ల. ఇది నేనే షీటు కింద మర్చిపోయాను. నేను మర్చిపోయిన దానికి మీ అమ్మాయిని అందరిలో దొంగని చేశాను. రెండేళ్లు చెప్పుకుని నవ్వాను. నిన్న కూడా, చూడకుండానే నేరం ఆవిడ మీదికే నెట్టేశాను.” తల వంచుకున్నాడు. “నాకు సిగ్గుగా ఉంది.”

పెద్దాయన రోలరు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. వారం నుంచీ తను అన్న మాటలు ఆయనకీ గుర్తొచ్చినట్టున్నాయి. ఫోనులో వద్దులే అని చెప్పి, కాలువ తూము దగ్గర చూసొస్తానని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

“మీరు తియ్యలేదు కదా,” అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా. “మరి కొత్తది ఎందుకు పంపించారు?”

“అది కనబడక ఆఖరి అతుకు మీరు గుడ్డ చుట్టుకుని వేళ్లతో నొక్కారు. రెండు వేళ్లు కాలాయి. కోపంలో మీకు తెలియలేదు. నేను చూశాను.”

మేస్త్రి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. రెండు వేళ్ల కొసల్లో నున్నటి మచ్చలు ఇంకా ఉన్నాయి. తన చెయ్యి మళ్లీ కాలకూడదని ఆవిడ పంపింది, తను దాన్ని పట్టుకుని ఆవిడ పరువు తీశాడు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

“నిలబడితే అతుకు పడదు. సాయంత్రం మా వంతు నీళ్లొస్తాయి,” అంది అమ్మాయి, చెప్పులు విప్పుతూ.

చిరుగు చుట్టూ కడిగి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దాడు. మూలలు లేచిపోకుండా ముక్కని గుండ్రంగా కోశాడు. ఆవిడ ముక్కని కదలకుండా పట్టుకుంది. వేడిగాలి మిషను అందుకున్నాడో లేదో, చినుకులు మొదలయ్యాయి. తడి తగిలితే అతుకు పట్టదు. ఆవిడ పరుగున పోయి గొడుగు తెచ్చి అతుకు మీద పట్టింది. గొడుగు చిన్నది, దాని కింద అతుకూ, ఇద్దరూ పట్టాలి. మనవాడి వీపు తడుస్తోంది, తల మాత్రం గొడుగు కింద ఆవిడ తలకి జానెడు దూరంలో ఉంది. చెవులు కాలిపోతున్నాయి, వేడిగాలి వల్ల కాదు.

కొత్త రోలరుతో నొక్కి ముగించాక, పాతది ఆవిడ ముందు పెట్టాడు. “ఇది మీ దగ్గరుంచండి. మళ్లీ ఎప్పుడైనా నోరు పారేసుకుంటే చూపించండి.”

“మళ్లీ అంటే వస్తారన్నమాట.”

“కుంట చూసిపోదామని.”

“ఈ అతుకు వందేళ్లుంటుంది. నాన్న వేరే మేస్త్రిని పిలుస్తానంటే, మీరే రావాలని పోట్లాడింది నేను.”

“నా మీద కోపం లేదా మీకు?”

“బోలెడు. తీరిగ్గా చూపిస్తాను.” ఆవిడ గొడుగు కాస్త అతని వైపు వంచింది. “ముందు మా నాన్నని బాబాయ్ అనడం మానెయ్యండి.”

ఎందుకని అడగబోయి ఆగాడు. బాబాయ్ కూతురు తనకి ఏ వరసవుతుందో లెక్క తేలడానికి కాస్త సమయం పట్టింది. తేలాక ఎక్కడ చూడాలో తెలియక అతుకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన వానలోనే గట్టు మీదికొచ్చి, అయిందా బాబూ, నీళ్లు వదలమంటావా అని కేకేశాడు.

మనవాడు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ ఆలోచించకుండా వాగే నోరు ఇప్పుడు పెగలడం లేదు. ఆవిడ పాత రోలరుని ఒళ్లో పెట్టుకుని, కొంగుతో బురద తుడుస్తోంది, అవసరానికి మించి.

“వదలండి,” అన్నాడు. తల వంచుకునే, కానీ వినబడేటట్టే అన్నాడు. “వదలండి మావయ్య గారూ.”

పెద్దాయన అతని వైపూ, గొడుగు వైపూ మార్చి మార్చి చూశాడు. కూతురు గొడుగు కింద నుంచి తల ఎత్తలేదు, లేచి రానూ లేదు.

“అయితే ఇద్దరూ గట్టు మీదికి రండి,” అన్నాడాయన తూము వైపు నడుస్తూ. “తడుస్తారు.”