చేప వాసన వేసిన సీసా

చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. నీ చెల్లెలి ల్యాబ్ నుంచి పసుపు రంగు రసాయన పొడి ఒకటి మాయమైంది. ఈ సాయంత్రం ఒక హోటల్ గదిలో విదేశీ ముఠా చేతికి వెళ్తుంది. కొనేవాడికి దౌత్య పాస్‌పోర్టు ఉంది, ముట్టుకుంటే మన మెడకే చుట్టుకుంటుంది. సరుకు దేశం దాటిందా, జైలుకెళ్లేది నీ చెల్లెలు.

డిపార్ట్‌మెంటంతా బాబాయ్ అని పిలిచే ఆ ఏజెంటుకు ఒళ్లు హూనమై ఉంది. దానికి తోడు ఈసారి వేషం ఏసీ మెకానిక్. నిచ్చెన ఎక్కక్కర్లేని వేషం ఒక్కటీ దొరకదా అని విసుక్కున్నాడు. పని అయితే చెప్పాల్సిన కోడ్, ‘పాలు విరిగాయి’.

చెల్లెలు అమీన్ అనే చేప కంపు ద్రవం నింపిన పెన్ను అతని చేతిలో పెట్టింది. ఆ పొడిలో ఉన్న ఐసోసైనైడ్ అనే రసాయనం విడిగా ఉంటే ముక్కు బద్దలయ్యే కంపు. పల్లేడియం లోహానికి కట్టేస్తే ఆ కంపు పోతుంది.

“కంపు పోతే అణిగిందనుకుంటారు అన్నయ్యా. అప్పుడే అది లోకువ. లోహం ఎలక్ట్రాన్లు లాగేసుకునేసరికి కార్బన్ ఆకలి మీద ఉంటుంది. అమీన్ వెళ్లి దాన్నే పట్టుకుంటుంది. మూడు బంధాల కట్టు సడలి కార్బీన్ అనే వేరే పదార్థం అవుతుంది. కొనేవాళ్ల పరీక్ష మీటర్ తెర మీద వెతికేది ఆ కట్టు చూపే గీత కోసమే.”

హోటల్ గది తలుపు తీసింది చెల్లెలి పక్క బల్ల మీద పనిచేసే సుందరి. మనకూ వాళ్లకూ పనిచేసే డబుల్ ఏజెంట్. పరీక్ష కోసం పొడిని కరిగించి సీసాలో సిద్ధంగా ఉంచింది. ఆమె లిప్‌స్టిక్ దిద్దుకోవడానికి అద్దం వైపు తిరగగానే బాబాయ్ సీసాలోకి పెన్ను నొక్కాడు. గుప్పున చేప వాసన.

“ఏంటీ కంపు?”

“ఏసీ డ్రెయిన్ మేడమ్. కడిగి ఎన్నాళ్లయిందో.”

కొనేవాడు వచ్చాడు. బాబాయ్ నిచ్చెన మీదే బిగించిన స్క్రూలు ఊడదీసి మళ్లీ బిగించసాగాడు. మీటర్ తెర మీద సన్నటి గీత మెరిసింది. బాబాయ్ పై ప్రాణాలు పైనే పోయాయి. కొనేవాడికి అనుమానమొచ్చి కాసేపాగి మళ్లీ చూశాడు. ఈసారి ఆ గీత కూడా లేదు. నకిలీ సరుకు అంటగడతావా అని సీసాను చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయాడు. సుందరి లాబీలోనే మనవాళ్లకు దొరికిపోయింది.

‘పాలు విరిగాయి’ అని ఫోన్ చేసి, చెత్తబుట్టలోని సీసా చెల్లెలికి తెచ్చిచ్చి, కుర్చీలో కూలబడ్డాడు బాబాయ్. చెల్లెలు సీసాను పరీక్షించి కళ్లు పెద్దవి చేసింది. ఇంత శుద్ధమైన కార్బీన్ ఆర్నెల్లుగా తనకు చిక్కలేదట. వాళ్లు కొనాలనుకున్నదానికంటే పారేసిందే మేలట.

“ఎలా చేశావన్నయ్యా? గది ఎంత చల్లగా ఉంది?”

“చల్లగానా? ఏసీ బాగుచేసింది నేను కదమ్మా,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.